దంతమూల శోధనము: కషాయమా, క్షారజలమా?



గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము చాల దినములు ఆలోచింపజేసినది. గోదావరీతీరమునుండి వ్రాసిన యొక సోదరి తన దవుడపంటికి రూట్ కెనాల్ చికిత్స జరుగుచున్నదనియు, వైద్యుడు పంటిలోనికి సూదితో నెక్కించు నీరు బట్టలు తెల్లపరచు బ్లీచింగు నీటివలె వాసన కొట్టుచున్నదనియు, మూలికారసములతో గూడ నా పని చేయవచ్చునని పొరుగింటివారు చెప్పుచున్నారనియు తెలిపి, "ఇంటింట కరక్కాయ యుండగా నోటిలోనికి విషమేల? త్రిఫల కషాయమే వాడుడని వైద్యుని అడుగవచ్చునా?" అని ప్రశ్నించినది.

ఈ జాబు నాలుగేండ్లక్రిందట వచ్చియున్నచో మేము వెనుకాడక "అడుగవచ్చును" అని వ్రాసియుందుము. మా తండ్రిగారు చిన్ననాట మాకు అమరము ముగిసిన పిమ్మట అష్టాంగహృదయమున సూత్రస్థానమును గూడ చెప్పిరి. త్రిఫలయందు మాకు గల భక్తి పుట్టింటినుండి తెచ్చుకొన్నది. ఆ భక్తి యిప్పటికిని పోలేదు. కాని ఈ ప్రశ్నకు మాత్రము అట్టి యుత్తరము నిప్పుడు వ్రాయలేము. ఏల వ్రాయలేమో తెలియుటకు ముందుగా మా యింట జరిగినదానిని చెప్పుకొనవలెను. చెప్పుకొనుటకు మాకు గొప్పగా లేదు.

నాలుగేండ్లక్రింద సంక్రాంతికి వచ్చిన మా ఆడబిడ్డ ఎడమవైపు క్రింది దవుడపన్ను పీకుచున్నదని చెప్పెను. చన్నీరు తగిలిన జివ్వుమనును. రాత్రి పడుకొనిన పిమ్మట పోటు చెవివరకు ప్రాకును. పంటిలో గోధుమరంగు గుంట స్పష్టముగా కనబడుచుండెను. మేము కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పెచ్చులను దంచి, నీరు నాలుగవవంతు మిగులునట్లు కాచి, వడగట్టి ఉదయసాయంకాలములు పుక్కిట పట్టించితిమి. పోటు పెట్టినప్పుడు లవంగము నొక్కి పెట్టించితిమి. పది దినములలో నొప్పి పూర్తిగా పోయెను. "వదినా, నీ కషాయము మహత్తు గలదే!" అని ఆమె మురిసెను. మేమును మురిసితిమి. అంతటితో నూరకుండక నలుగురి యిండ్లలో చెప్పితిమి. మా వారు "ఒకమారు దంతవైద్యులకు చూపింపరాదా?" అన్నప్పుడు, నొప్పి లేని పంటికి వైద్యమేమని మేమే అడ్డుపడితిమి.

వేసవి సెలవులకు ఆమె మరల వచ్చినది. ఒకనాటి రాత్రి చెంప పొంగి, నోరు రెండు వ్రేళ్ల వెడల్పైనను తెరువరాక, జ్వరముతో వణకినది. తెల్లవారగనే గుంటూరు తీసికొనిపోయితిమి. అచ్చటి దంతవైద్యురాలు ఎక్స్‌రే తీసి మాకు చూపినది. వేరు కొనచుట్టు ఎముక కరగి, నల్లని గుండ్రని నీడవలె కనబడెను. పది దినముల కషాయముతో నొప్పి యెట్లు పోయినదో మేము చెప్పగా ఆమె తల యూపి, "నొప్పి పోయినది పన్ను బాగుపడి కాదమ్మా, లోపలి నరము చచ్చిపోయి" అని పలికెను. ఆ వాక్యమును మేము మరువలేదు. పన్ను వేరువరకు చీలియుండుటచే నిలుపుటకు వీలులేక తీసివేయవలసి వచ్చినది.

మా ఆడబిడ్డ మమ్ము ఒక్కమాటయు ననలేదు. కాని నేటికిని ఆమె కుడివైపుననే నమలును. విస్తరి ముందు కూర్చున్న ప్రతిసారియు మేము దానిని చూచుచునే యున్నాము.

పంటి కట్టుబాటు కొంత తెలిసినగాని తక్కిన మాటలు బోధపడవు. పైన రాతివలె గట్టిదగు పింగాణిపొర. దానిక్రింద ఎముకను బోలిన డెంటిను. దాని నడుమ చిన్నగదివంటి చోట రక్తనాళములును నరములును గల మెత్తని మాంసము. దీనిని పల్పందురు. ఆ గదినుండి వేళ్ల కొనలవరకు సన్నని సొరంగములు పోవును. క్రింది పెద్ద దవుడపంటికి సాధారణముగా రెండు వేళ్లు, మూడు నాళములు, ఒక్కొక్కరికి నాలుగు. పై దవుడపంటికి మూడు వేళ్లు, మూడో నాలుగో నాళములు. పుప్పి లోతుకు దిగి క్రిములు పల్పును చేరినప్పుడది వాచును. నాలుగువైపుల గట్టిగోడలు, వాచుటకు చోటు లేదు. అందుచేతనే అంతటి పోటు. కొన్నాళ్లకా మాంసము చచ్చును. చచ్చిన నరము నొప్పి తెలుపదు. మా కషాయమునకు వచ్చిన కీర్తి యింతియే. ఆ పిమ్మట చచ్చిన మాంసము క్రిములకు భోజనమగును. అవి వేరు కొనగుండ ఎముకలోనికి నిశ్శబ్దముగా దిగును.

నోట పుక్కిలించిన యే రసమైనను, అది మన పెరటి ఆకురసము కానిండు, దుకాణపు సీసాలోనిది కానిండు, ఆ సొరంగములోనికి చొరజాలదు. చచ్చిన పంటిలోనికి రక్తము గూడ ప్రసరింపదు గనుక మింగిన మాత్రయు అచ్చటికి చేరదు. కావున పన్ను నిలువవలెనన్నచో దానిని తెరచి, నాళములను శుభ్రపరచి, మూసివేయుట తప్ప దారి లేదు. రూట్ కెనాల్ అనగా నిదియే.

శుభ్రపరచుట యన్నది వినుటకు సులభమే. మూతి సన్నని కూజాను తోముటకు పూనుకొన్న ఇల్లాండ్రకందరికి దాని కష్టము తెలియును. చేయి పోదు, పుల్లకు గుడ్డ చుట్టి త్రిప్పినను మూలలు మిగులును, కడపట చింతపండు నీరు పోసి యుంచి కులికించినగాని మురికి యూడదు. పంటి నాళమును అట్టిదే. దంతవైద్యులు సన్నని ఆకురాళ్లవంటి సూదులతో గోడలను గీకుదురు. కాని నాళములు గుండ్రని గొట్టములు గావు. నొక్కులు, చీలికలు, పక్కదారులు కలవు. సూక్ష్మమగు ఎక్స్‌రే యంత్రములతో పరీక్షించి చూడగా ఎంత నేర్పుతో గీకినను గోడలలో మూడవవంతో, అంతకు మించియో సూదులు తాకనే తాకవని తేలినది. తాకని చోటును శుద్ధిచేయు భారమంతయు కడుగు నీటిపై పడినది. కాబట్టి ఏ నీటితో కడుగుట యన్నది చిన్న ప్రశ్న కాదు. గోదావరీతీరపు సోదరి అడిగినది పనికిమాలిన ప్రశ్న కాదు.

గత కార్తికమాసమున మా పన్నే మాకు పాఠము చెప్పినది. మా ఆడబిడ్డకు వచ్చినట్లే జివ్వుమనుట, రాత్రిపోటు. ఈ మారు మేము పదినాళ్లు కూడ ఆగలేదు. ఆ దంతవైద్యురాలి యొద్దకే పోయితిమి. కాని మా పుట్టింటి భక్తి యూరకుండునా? వడగట్టిన త్రిఫల కషాయమును గాజుసీసాలో పోసి సంచిలో పెట్టుకొని పోయితిమి. "అమ్మా, ఆ బ్లీచింగు నీటికి మారుగా దీనిని వాడరాదా?" అని అడిగితిమి. మా వారు గోడమీది పటమును చూచుచు మమ్ము ఎరుగనట్లు నిలుచుండిరి.

ఆమె నవ్వలేదు. "మీ కషాయము క్రిములను చంపదని నేననను. కాని నాకు కావలసినది చంపుట యొక్కటియే కాదు" అని, మా పంటిలోనుండి తీసిన పల్పు తంతువును రెండు తునుకలు చేసి, రెండు చిన్న గాజుగిన్నెలలో వేసెను. ఒకదానిలో తన సిరంజిలోని నీటిని, రెండవదానిలో మా కషాయమును పోసెను. మొదటి గిన్నెలో తునుకచుట్టు వెంటనే సన్నని బుడగలు లేచినవి. ఆనాటి పని ముగియునప్పటికి ఆ తునుకలో మిగిలినది చాల స్వల్పము; ఉప్పు నీటిలో కరగినట్లు కరగిపోయెను. రెండవ గిన్నెలోనిది ముడుచుకొని, గోధుమరంగు పట్టి, గట్టిపడి యట్లే యుండెను. "చచ్చిన మాంసము లోపల మిగిలినచో క్రిములు మరల వచ్చును. కరగించు నీరు నాకు వేఱొకటి లేదమ్మా" అని ఆమె చెప్పెను.

ఇంటికి వచ్చునప్పుడు మా చీర చెంగును చూచుకొంటిమి. ఆనాడు మేము కట్టినది పెడన అద్దకపు చీర. నల్లగీతపై ఎప్పుడు చిందెనో ఒక చుక్క, శనగగింజంత మేర నలుపు వెలవెలపోయి యుండెను. చీరకు కొంత విచారించితిమి గాని ఆ చుక్కయే మాకు రెండు గిన్నెల మర్మమును విప్పి చెప్పినది. అద్దకమువారు బట్టను ముందుగా కరక్కాయ నీటిలో ముంచుదురు. శ్రీకాళహస్తిలో పాలు గూడ కలుపుదురు. ఆ వగరు నూలుకు పట్టుకొని, తరువాత వేయు ఇనుపనీటితో కలిసి నల్లరంగై నిలుచును. తోళ్లు పదును చేయువారికిని కరక్కాయ, తంగేడుచెక్క ముఖ్యములు. ఏలయన, వగరు పచ్చితోలులోని మాంసకృత్తులను బిగించి కుళ్లకుండ చేయును. ఉసిరికాయ కొరికిన నాలుక బిగిసినట్లుండుటయు దీనిచేతనే. కరక్కాయ గుణము బిగించుట. హైపోక్లోరైటు గుణము విప్పుట. ఒకటి రంగును నిలుపును, మరియొకటి రంగును తీయును. చిగుళ్లు వదులైనవారికి బిగించునది మేలు. సొరంగములో కుళ్లిన మాంసమును వెడలించుటకు బిగించునదేమి చేయును?

మా తండ్రిగారి గ్రంథములు గూడ దీనికి విరుద్ధము గావని తెలిసినప్పుడు మాకు కలిగిన యూరట యింతంత కాదు. ఆ రాత్రియే సుశ్రుతమును తీసితిమి. చికిత్సాస్థానమున 22వ అధ్యాయము ముఖరోగములను గూర్చినది. అందు దంతనాడి, అనగా పంటిమూలమున చీము కారు రంధ్రము, చెప్పబడినది. దానికి విధించినది పుక్కిలింత యొక్కటియే యనుకొంటిరా? పన్ను పెరికి, శస్త్రముతో శోధించి, క్షారముతోనో అగ్నితోనో దహింపుమన్నాడు. కషాయములు అటుపిమ్మట పుక్కిలించుటకు. సూత్రస్థానపు 11వ అధ్యాయమున శస్త్రములకంటెను అనుశస్త్రములకంటెను క్షారమునకే ప్రాధాన్యము నిచ్చినాడు. బూడిదనుండి తీసిన ఆనాటి క్షారమును నేటి సోడియము హైపోక్లోరైటును ఒక్కటే యని మేము చెప్పము. అట్టి అతిశయోక్తులు మన పత్రికలలో ఇప్పటికే మితిమీరినవి. కాని ఇదియు తీక్ష్ణక్షార గుణము గల నీరే. మాంసమును కరగించుటయు క్షారమువంటి పనియే. కవళము నోటికి, క్షారము నాడికి అను విభాగము ప్రాచీనులకు తెలియును. మేమే రెంటిని కలిపివేసితిమి.

ఈ బ్లీచింగు నీటి చరిత్రయు వినదగినదే. 18వ శతాబ్ది చివర ఫ్రాన్సుదేశమున బెర్తొలే యను రసాయనశాస్త్రజ్ఞుడు క్లోరినుతో బట్టలు తెల్లపరచు మార్గమును కనిపెట్టెను. పారిసు చెంతనున్న జావెల్ అను చోట ఆ నీరు తయారగుచుండెను. దీనికి సోదరి యనదగిన క్లోరినుసున్నపు నీటితో 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసూతిశాలలోని వైద్యులచే చేతులు కడిగించగా, బాలింతజ్వరపు మరణములు మిక్కిలి తగ్గెను. ఆ మాట ఆయన కాలమువారిలో అధికులు వినలేదు. వినక పోయినందుకు ఎందరు తల్లులు పోయిరో! 1915లో, మొదటి ప్రపంచయుద్ధమున, డేకిన్ అను ఆంగ్లేయ రసాయనశాస్త్రజ్ఞుడును కారెల్ అను ఫ్రెంచి శస్త్రవైద్యుడును నూటికి అరపాలు బలముగల హైపోక్లోరైటు నీటితో సైనికుల కుళ్లు గాయములను కడిగిరి. 1936లో వాకర్ అను అమెరికా దంతవైద్యుడు క్లోరినుసోడా నీటిని దంతనాళములకు వాడుమని వ్రాసెను. నేడు నూటికి అరపాలునుండి ఐదుంబావు పాళ్లవరకు బలముగల నీటిని, ఎవరి మతమును బట్టి వారు, వాడుచున్నారు. కొంచెము వెచ్చజేసినచో కరగించు శక్తి పెరుగును.

అయినను దీనికిని చేతగాని పనులు కలవు. సూదులతో గీకినప్పుడు గోడలపై రాతిపొడియు మాంసపు జిగురును కలిసి గచ్చువలె అంటుకొనును. అందలి సున్నపుభాగమును హైపోక్లోరైటు ఊడ్వలేదు. దానికై ఇ.డి.టి.ఏ. అను మరియొక నీరు కలదు. 1957లో నార్వేదేశపు దంతవైద్యుడు నీగార్ ఓస్ట్‌బీ దీనిని ఈ పనికి తెచ్చెను. నూటికి 17 పాళ్ల బలముతో వాడుదురు. ఇది సున్నమును పట్టుకొని తీసికొనిపోవును. ఇక క్లోర్‌హెక్సిడిన్. నోరు పుక్కిలించు మందుగా మనలో పలువురకు తెలిసినదే. చాలనాళ్లు వాడిన పండ్లకు గోధుమరంగు పట్టించునదియు నిదియే. నాళములలో నూటికి రెండు పాళ్ల బలముతో వాడినప్పుడు గోడలకంటుకొని కొన్నాళ్లు క్రిములను చేరనీయదు. కాని మాంసమును కరగింపదు. హైపోక్లోరైటుతో కలిసినచో ముదురు గోధుమరంగు మడ్డి యేర్పడి నాళమును పూడ్చును. కావున రెంటి నడుమ ఉప్పునీటితో కడుగవలెను. మన వంటలోవలె ఇచ్చటను రెండు మంచి పదార్థములు కలిసిన మంచిదే యగునను నియమము లేదు.

ఇక మూలికలు. పొరుగింటివారు చెప్పినది అబద్ధము కాదని ముందే చెప్పవలెను. విఫలమైన చికిత్సలలో తరచుగా కనబడు ఎంటరోకాకస్ ఫీకాలిస్ అను మొండి క్రిమి యొకటి కలదు. ఆహారము లేకున్నను, క్షారము తగిలినను నాళములో దాగి బ్రతుకును. జిగురుపొర యల్లుకొని దానిలో కాపురముండును. 2010లో జర్నల్ ఆఫ్ ఎండొడాంటిక్స్ అను పత్రికలో మన దేశపు దంతవైద్యులు ప్రకటించిన పరిశోధనయందు, పెరికిన పండ్లపై ఆ క్రిమిని వారముల తరబడి పెంచి, త్రిఫల, పచ్చతేయాకు సారము, ఐదుపాళ్ల హైపోక్లోరైటు మున్నగువానితో కడిగి చూచిరి. త్రిఫలయు తేయాకును గూడ క్రిములను గణనీయముగా తగ్గించినవి. అన్నిటిలో నధిక బలము చూపినది హైపోక్లోరైటే. 2008లో అమెరికాలో నోని పండ్లరసమును ఇ.డి.టి.ఏ. తో కలిపి వాడి చూడగా గచ్చుపొరను తీయుటలో హైపోక్లోరైటుతో దాదాపు సమానముగా నుండెనని చెప్పిరి. వేప, తులసి, పసుపు మొదలగువానిపైనను పరిశోధనలు కలవు.

చదువుటకు ఇవి యెంతో సంతోషకరములు. కాని వీనిలో అధికభాగము పెరికిన పండ్లమీదను గాజుపాత్రలలోను చేసినవి; మనుష్యుల నోటిలోని పండ్లపై చేసి, ఏండ్లతరబడి కనిపెట్టి చూచినవి మిక్కిలి తక్కువ. పెరికిన పంటికి జ్వరము రాదు, చెంప వాయదు. మరియొక చిక్కు. హైపోక్లోరైటు బలమును కొలిచి చెప్పవచ్చును. మీ కషాయపు బలమును నా కషాయపు బలమును ఎవరు కొలుతురు? చెట్టును బట్టి, కాయ ముదురును బట్టి, నిలువయున్న నెలలను బట్టి గుణము మారును. చిక్కని కషాయపు వగరు డెంటినుకు పట్టి పంటిని గోధుమరంగు చేయుటయు కలదు. కరగించు గుణము లేదన్నది గాజుగిన్నెలో చూచినదే.

మూలికలయందు వైద్యులకు ఆశ కలుగుటకు న్యాయమైన కారణమును కలదు. హైపోక్లోరైటు చచ్చినదానిని మాత్రమే కరగించి బ్రతికినదానిని విడుచునది కాదు. వేరు కొన దాటి ఎముకలోనికి త్రోయబడినచో తత్క్షణమే దుర్భరమగు నొప్పి, నిమిషములలో వాపు, చర్మముక్రింద రక్తము కమిలి నల్లబడుట కలుగును. ఇది అరుదు, చాలమందికి కొన్ని వారములలో నయమగును, కాని అనుభవించినవారు జీవితమున మరువరు. పసిపిల్లల పాలపండ్ల వేళ్ల క్రింద శాశ్వతదంతముల మొగ్గ లుండును. ఆ వేళ్లు కరగుచుండును గనుక కొన తెరచియుండును. అచ్చట సౌమ్యమగు మూలికారసములకు చోటు దొరకునేమోయని పరిశోధకులు చూచుట మెచ్చదగినదే. డెంటినులోని మాంసకృత్తును హైపోక్లోరైటు కొంత బలహీనపరచును. ద్రాక్షగింజల వగరు దానిని మరల బిగించునాయని గూడ పరీక్షించుచున్నారు. చూచితిరా, బిగించు గుణమునకు ఇచ్చట నొక పని దొరకినది! ముందు విప్పునది, వెనుక బిగించునది. కరక్కాయ పక్షము వహించిన మాకు ఈ వార్త కొంత ప్రీతికరము.

కావున గోదావరీతీరపు సోదరికి మా యుత్తరమిది. అమ్మా, త్రిఫల వాడుడని వైద్యుని అడుగకుడు. అడుగవలసినవి వేఱు. చికిత్స చేయు పంటిని రబ్బరు డ్యాముతో వేరుపరతురా యని యడుగుడు. ఇది పలుచని రబ్బరుగుడ్డ. దానికి రంధ్రము చేసి పన్నొక్కటి పైకి వచ్చునట్లు బిగింతురు. నీరు గొంతులోనికి జారదు, సూది జారినను మింగుడుపడదు, ఉమ్మి పంటిలోనికి పోదు. 1864లో బార్నమ్ అను అమెరికా దంతవైద్యుడు కనిపెట్టిన ఈ చిన్న వస్తువును నేటికిని కొందరు ఆలస్యమగునని వాడరు. మీకు నోటిలోనికి బ్లీచింగు రుచి తగులుచున్నదని వ్రాసితిరి గనుక మీ వైద్యుడు దానిని వాడుట లేదని మా యనుమానము. మీ భయమునకు మందు కషాయము కాదు, ఆ రబ్బరుగుడ్డ. నాళముల పొడవును కొలిచితిరా యనియు, పక్కన రంధ్రముగల సూదితో మెల్లగా నెక్కింతురా యనియు అడుగుడు. సూది కొన మూసియుండి నీరు పక్కకు వచ్చినచో వేరు కొన దాటు భయము తగ్గును. ఎక్కించునప్పుడు మంటగాని పోటుగాని కలిగిన వెంటనే చేయెత్తి తెలుపుడు, మొగమాటము వలదు. మన స్త్రీలము వైద్యుని కుర్చీలో గూడ అతిథిమర్యాదలు పాటించుచుందుము. మంచి వైద్యులు ఈ ప్రశ్నలకు కోపగింపరు. చీర చెంగుపై తువాలు కప్పించుకొనుట మరువకుడు. ఇది మా స్వానుభవము.

ఇంకొక ముఖ్యమైన మాట. ఆస్పత్రిలో వాడునదే గదా యని ఇంటిలోని బ్లీచింగు నీటిని పంటికి తాకింపకుడు, పుక్కిలింపకుడు. దాని బలము వేఱు, అందు కలిపిన వస్తువులు వేఱు.

త్రిఫలను మేము మానలేదు. అష్టాంగహృదయమున 22వ అధ్యాయము పుక్కిలింతలను గూర్చియే చెప్పుచున్నది. కదలింపరానంత నిండుగ నోట పట్టినది గండూషము, కదలించుటకు వీలగునంత పట్టినది కవళము. 2011లో ప్రకటితమైన యొక పరిశోధనలో పాఠశాల బాలబాలికలచే త్రిఫల నీటిని పుక్కిలింపజేయగా, పాచియు చిగుళ్లవాపును తగ్గుటలో క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతకు తీసిపోలేదు. మా యింట రాత్రి పండ్లు తోమిన పిమ్మట పలుచని త్రిఫల నీటితో కవళము నేటికిని కలదు. ఆనాడు దంతవైద్యురాలు మా సీసాను మాకు తిరిగి యిచ్చుచు, "కుట్టు చిగురు తగ్గిన పిమ్మట దీనితో పుక్కిలింపుడు, బాగుండును" అన్నది. చిక్కగా కాచినచో పండ్లకు రంగు పట్టును గనుక చెంచాడు చూర్ణమునకు రెండు గ్లాసుల నీరు పోసి, కాచి, పలుచని గుడ్డతో వడగట్టి, ఏనాటిది ఆనాడే వాడవలెను. పంటికి గుంట కనబడినను, చన్నీటికి జివ్వుమన్నను, పోటు వచ్చి తనంతట తాను పోయినను, ఈ నీటిని నమ్ముకొని కూర్చుండరాదు.

మా ఆడబిడ్డ పన్ను పోయిన వేసవిలోనే మేము మా కషాయమును పొగడి వచ్చిన నాలుగిండ్లకును మరల పోయితిమి. రెండిండ్లవారు దానిని కాచనే లేదు. ఒకరు కాచి చేదని పారబోసిరి. నాలుగవ యింటి యిల్లాలు మమ్ము చూడగనే పీట వేసి, తన పంటిపోటు మా కషాయముతో నెలనాడే పోయినదని చేతులు పట్టుకొని చెప్పినది. మరునాటి ఉదయపు బస్సులో ఆమెను వెంటబెట్టుకొని గుంటూరు పోయితిమి. నాలుగుమారులు తిరుగవలసి వచ్చినది. పన్ను నిలిచినది.